దీవి మీద పందెం

2003 వేసవి. లాయిడ్ బ్రాన్ హవాయి దీవుల్లో సెలవులు గడుపుతున్నాడు. అమెరికాలోని పెద్ద టీవీ చానళ్లలో ఒకటైన ఏబీసీలో వినోద విభాగానికి అతనే అధిపతి. ఆ రాత్రి సొంత చానల్లోనే సినిమా వస్తోంది. పేరు 'కాస్ట్ అవే'. విమానం కూలిపోయి, మనిషి జాడలేని దీవికి కొట్టుకొచ్చిన ఒంటరివాడిగా టామ్ హాంక్స్ నటించిన సినిమా. అది అయిపోయింది గానీ బ్రాన్ మనసు మాత్రం ఆ దీవిని వదిలి రాలేదు.

కొట్టుకొచ్చింది ఒక్కడు కాకుండా విమానం నిండా జనమైతే? ముక్కూమొహం తెలియనివాళ్లు, ఒకరి గతం ఒకరికి తెలియనివాళ్లు, తిండీ నీళ్లూ పంచుకుని కలిసి బతకాల్సి వస్తే? ఈ కథ సినిమాలా రెండు గంటల్లో ముగిసేది కాదు, ఏళ్ల తరబడి నడిచేది. పేరు కూడా అతనే అనుకున్నాడు: 'లాస్ట్'.

ఏడాది తిరిగేసరికి ఆ ఆలోచన కోటీ ఎనభై లక్షల మందికి పైగా అమెరికన్లను టీవీ ముందు కూర్చోబెట్టింది. అప్పటికి బ్రాన్ ఆ కుర్చీలో లేడు.

సెప్టెంబరు జాతర

అమెరికాలో టీవీకి కొత్త సంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది. వేసవి సెలవులు ముగుస్తాయి, బడులు తెరుస్తారు, పొద్దు త్వరగా గూకుతుంది, జనం సాయంత్రాలు ఇంటిపట్టున ఉంటారు. అందుకే పెద్ద చానళ్లన్నీ కొత్త సీరియళ్లను దాదాపు ఒకేసారి బరిలోకి దించుతాయి. సంక్రాంతికి ఏ హీరో సినిమాకు ఏది పోటీయో మనం నెలల ముందే లెక్కలు కట్టుకున్నట్టు, అక్కడ ఏ రాత్రి ఏ చానల్‌లో ఏ కొత్త కథ వస్తుందోనని ఆగస్టు నుంచే చర్చలు నడుస్తాయి. 'టీవీ గైడ్' వారపత్రిక పుట్టిన 1953లోనే, ఆ సెప్టెంబరు నుంచే, కొత్త సీజన్ విశేషాలతో ప్రత్యేక సంచిక వేయడం మొదలుపెట్టింది. చాలాకాలం ఏటా ఎక్కువమంది ఎదురుచూసిన సంచిక అదే.

ఆ ఎదురుచూపుల వెనక ఏడాది పొడవునా ఒక జూదం సాగుతుంది. ముందటి శరత్కాలంలో చానళ్లు వందల కథలు వింటాయి. క్రిస్మస్ నాటికి స్క్రిప్టులు చేతికొస్తాయి. వాటిలో కొన్నింటికే మొదటి ఎపిసోడ్ తీసి చూపించే అవకాశం దక్కుతుంది. దాన్నే పైలట్ అంటారు. మార్చి, ఏప్రిల్‌లలో షూటింగులు. మేలో న్యూయార్క్‌లో ప్రకటనకర్తలను పిలిచి, రాబోయే సీజన్‌ను వాళ్ల ముందు పరుస్తారు. మామూలు ప్రేక్షకుడు ఒక్క దృశ్యం కూడా చూడకముందే ప్రకటనల సమయంలో చాలా భాగం అమ్ముడైపోతుంది. తీసిన పైలట్లలో ఎక్కువ భాగం ప్రసారమే కావు. ప్రసారమైన వాటిలోనూ చాలావరకు రెండో ఏడు చూడవు.

అందరూ తెలివైనవాళ్లే, అందరి చేతిలో సర్వేలున్నాయి. అయినా ఏది నిలుస్తుందో ఎవరికీ తెలియదు.

నాలుగో స్థానంలో

ఆ రోజుల్లో ఏబీసీ పరిస్థితి దయనీయం. 1999 ఆగస్టులో 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' మొదలుపెట్టి దేశాన్ని ఊపేసిన చానల్ అది. అనేక దేశాలు తిరిగి, నాగార్జున నిర్వహించిన 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా మన ఇళ్లకూ వచ్చిన ఆటే. జనం ఆదరిస్తున్నారని ఏబీసీ దాన్ని వారానికి నాలుగు రాత్రులు వేసింది. చివరికి జనానికి మొహం మొత్తింది. 2002కల్లా ఆ రాత్రి వేళల్లోంచి ఆట తప్పుకుంది. దాని వెనక నిలబెట్టడానికి కొత్త కథలు లేవు.

దానికి తోడు చేజారిన అవకాశాలు. రియాలిటీ షో 'సర్వైవర్' ఏబీసీ తలుపు తట్టి, చివరికి పోటీ చానల్ సీబీఎస్‌కు వెళ్లింది. నేర పరిశోధన సీరియల్ 'సీఎస్ఐ'కి పెట్టుబడి పెట్టాల్సిన, ఏబీసీ యజమాని డిస్నీ వాళ్ల స్టూడియో ఆఖరి ఘడియల్లో వెనక్కి తగ్గింది. అదీ సీబీఎస్‌ పంట పండించింది. 2003-04 సీజన్‌లో నాలుగు పెద్ద చానళ్లలో ఏబీసీ అట్టడుగున ఉంది. డిస్నీలోనూ అలజడే. 2004 ఫిబ్రవరిలో కామ్‌కాస్ట్ సంస్థ డిస్నీని కొనేస్తానంటూ ముందుకొచ్చింది. మార్చిలో వాటాదార్ల ఓట్లలో నలభై శాతానికి పైగా డిస్నీ అధినేత మైకేల్ ఐస్నర్‌కు మద్దతు నిరాకరించాయి. ఆయన ఛైర్మన్ పదవి పోయింది.

ఇల్లు ఇలా అంటుకుని ఉన్న సమయంలో బ్రాన్ దీవి కథ పట్టుకుని తిరిగాడు.

ఐదు రోజులు

కంపెనీ పెద్దల సమావేశంలో అతను ఆ ఆలోచన చెప్పినప్పుడు పెద్దగా ఉత్సాహం కనిపించలేదు. డ్రామా విభాగం చూసే థామ్ షెర్మన్ లాంటి ఒకరిద్దరికే నచ్చింది. రచయిత జెఫ్రీ లీబర్‌తో స్క్రిప్టు రాయించారు. క్రిస్మస్ నాటికి అందిన ఆ ప్రతి బ్రాన్ ఊహకు దగ్గరగా రాలేదు. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవాళ్లు. పైలట్‌కు సమయం మించిపోతోంది. ఏ చానలైనా ఆ పాటికి నటీనటులను ఎంచుకునే పనిలో ఉంటుంది.

2004 జనవరిలో బ్రాన్ 'ఏలియస్' సీరియల్ సృష్టికర్త జె.జె. ఏబ్రమ్స్‌కు ఫోన్ చేశాడు. ఏబ్రమ్స్ చేతినిండా పనిలో ఉన్నాడు. పైగా అతనికో సందేహం. దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ ఎన్ని వారాలు లాగగలం? ఆ దీవే ఒక రహస్యమైతేనే, అది మామూలు దీవి కాకపోతేనే, కథ నిలుస్తుందన్నాడు. ఒంటరిగా రాసే తీరిక లేదు కాబట్టి జత రచయిత కావాలన్నాడు. అలా వచ్చినవాడు డేమన్ లిండెలాఫ్, ముప్పై ఏళ్ల కుర్రాడు. ఏబ్రమ్స్‌ను కలిస్తే 'ఏలియస్'లో పని దొరుకుతుందేమోనన్న ఆశ అతన్ని అక్కడికి తీసుకొచ్చింది. స్టార్ వార్స్ అభిమాన సంఘం టీషర్టు వేసుకుని వచ్చిన అతన్ని చూడగానే ఏబ్రమ్స్‌కు మనవాడే అనిపించింది.

సోమవారం కలిశారు. ఒక్కొక్కరి గతాన్నీ వెనక్కి వెళ్లి చూపించాలనీ, దీవిలో వీళ్లకు ముందే ఎవరో ఉండాలనీ అనుకున్నారు. వారాంతానికి ఇరవై పేజీలు దాటిన కథా సంగ్రహం తయారైంది. జనవరి 24, శనివారం. స్క్రిప్టు లేదు, నటులు లేరు, లెక్కాపత్రం లేదు. ఆ కాగితాలు మాత్రమే చదివి బ్రాన్ తీయమన్నాడు.

ఆ శనివారం అతను చేసిన పని వినోద పరిశ్రమలో చాలా అరుదైనది. తన కడుపులో మండుతున్న ఒక నమ్మకానికి, వెనక్కి తీసుకోలేని విధంగా, సంతకం పెట్టాడు.

తల్లి చెప్పిన మాట

అదే ఏబీసీలో, అదే చలికాలం, ఇంకో కథ రూపు దిద్దుకుంటోంది. మార్క్ చెర్రీ ఒకప్పుడు 'గోల్డెన్ గర్ల్స్' సీరియల్ రాసినవాళ్లలో ఒకడు. నలభై దాటాయి, పనిలేదు, తల్లి దగ్గర అప్పు చేసే పరిస్థితి. 2002లో ఒకరోజు తల్లీ కొడుకులు టీవీలో వార్తలు చూస్తున్నారు. టెక్సస్‌లో ఐదుగురు కన్నబిడ్డలను నీళ్లలో ముంచి చంపిన ఆండ్రియా యేట్స్ విచారణ అది. ఒక ఆడమనిషి అంతగా తెగించే స్థితికి ఎలా వస్తుందో ఊహించగలవా అన్నాడు కొడుకు. చెర్రీ తల్లి తన నోట్లోని సిగరెట్ తీసి, తనూ ఒకప్పుడు ఆ అంచుదాకా వెళ్లానంది. ముగ్గురు పిల్లలను పెంచిన, కొడుకు దృష్టిలో ఏ లోటూ లేని తల్లి ఆ మాటంది.

అక్కడ పుట్టింది 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్'. పచ్చిక కత్తిరించిన ముంగిళ్లు, నవ్వుతూ పలకరించుకునే గృహిణులు, మూసిన తలుపుల వెనక ఊపిరాడని బతుకులు. కథ చెప్పేది మొదటి దృశ్యంలోనే ఆత్మహత్య చేసుకున్న ఇల్లాలు. చెర్రీ ఆ స్క్రిప్టు పట్టుకుని హెచ్‌బీఓ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, అన్ని గడపలూ తొక్కాడు. అందరూ కాదన్నారు. చివరికి దారి చూపింది ఏబీసీ. అక్కడ బ్రాన్‌తో పాటు వినోద విభాగం అధ్యక్షురాలు సూసన్ లైన్ ఉన్నారు.

ఇసుకలో విమానం

హవాయిలోని ఒవాహు దీవి. కాలం చెల్లిన లాక్‌హీడ్ ఎల్-1011 విమానాన్ని ముక్కలుగా కోసి ఓడలో తెచ్చి సముద్రపు ఒడ్డున పరిచారు. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్‌కు బయల్దేరి కూలిన విమానంలో బతికిన 48 మంది కథకు అదే రంగస్థలం. ఒక పక్క స్క్రిప్టు రాస్తూనే ఇంకో పక్క నటులను వెతికారు. నచ్చిన నటుల కోసం పాత్రలనే పుట్టించారు. కొరియా నుంచి వచ్చిన యుంజిన్ కిమ్ కోసం సన్ పాత్ర అలా తయారైంది. కథానాయకుడైన డాక్టర్ జాక్‌ను మొదటి ఎపిసోడ్‌లోనే చంపేయాలని రచయితలు అనుకున్నారు. ప్రేక్షకుడు నమ్మి చెయ్యి పట్టుకున్న మనిషిని అప్పుడే తీసేయొద్దని చానల్ వాళ్లు వారించారు. జాక్ బతికాడు.

ఇంకో పాత్ర సయీద్. ఇరాక్‌లో అమెరికా యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక మాజీ ఇరాకీ సైనికుడిని, తెలివీ మర్యాదా బాధా ఉన్న మనిషిగా అమెరికన్ల నట్టింట్లో నిలబెట్టారు. ఆ పాత్ర వేసిన నవీన్ ఆండ్రూస్ లండన్‌లో పుట్టిన మలయాళీ.

ఖర్చు కోటి డాలర్లు దాటింది. కోటీ నలభై లక్షల దాకా అయిందని వార్తలొచ్చాయి. అప్పటికి అంత ఖరీదైన పైలట్ ఎవరూ ఎరుగరు. డిస్నీ పెద్దలకు ఈ కథ నిలుస్తుందన్న నమ్మకం లేదు. బ్రాన్ ఎత్తుగడ ఒక్కటే. ఆపితే పూర్తిగా నష్టపోయేంత దూరం పని ముందుకు నడిపించాలి. అప్పుడిక ఎవరూ ఆపలేరు.

అలాగే జరిగింది. పని ఆగలేదు, అతని ఉద్యోగం ఆగింది. 2004 వసంతంలో, కొత్త సీజన్ ప్రకటించడానికి కొన్ని వారాల ముందు, బ్రాన్‌నూ సూసన్ లైన్‌నూ సాగనంపారు. మేలో న్యూయార్క్ వేదిక మీద 'లాస్ట్', 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్' పేర్లు చదివినప్పుడు వాటిని నిలబెట్టిన ఆ ఇద్దరూ చానల్‌లో లేరు.

సీసాలో ఉత్తరం

ఆ వేసవిలో అమెరికా దృష్టి వేరే చోట ఉంది. మే 6న హాస్య సీరియల్ 'ఫ్రెండ్స్' ముగిసింది. దాని కొనసాగింపుగా ఎన్‌బీసీ ప్రకటించిన 'జోయి' మీదే అందరి ఆశలు. తెలిసిన నటుడు, తెలిసిన పాత్ర, తెలిసిన నవ్వు.

ఏబీసీ దగ్గర తెలిసిన పేరేదీ లేదు. అందుకని ప్రచారంలో కొత్త దారి పట్టింది. సముద్ర తీరాల్లో, ఉత్తరాలు పెట్టిన సీసాలు వదిలింది. డ్రై క్లీనింగ్ దుకాణాల్లో బట్టలు పెట్టిచ్చే సంచుల మీద 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్' ప్రకటన అచ్చేసింది. జూలైలో శాన్ డియెగో కామిక్-కాన్‌లో 'లాస్ట్' పైలట్‌ను ముందుగానే అభిమానులకు చూపించింది.

సెప్టెంబరు 9న 'జోయి' వచ్చింది. జనం విరగబడి చూశారు. సెప్టెంబరు 22, బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు ఒక కన్ను తెరుచుకుంది. వెదురు పొద మధ్య వెల్లకిలా పడి ఉన్న జాక్ కన్ను అది. ఆ రాత్రి 'లాస్ట్' చూసినవాళ్లు కోటీ 86 లక్షలు. అక్టోబరు 3, ఆదివారం 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్' మొదలైతే రెండు కోట్ల పది లక్షల మందికి పైగా చూశారు. మిగతా చానళ్లన్నీ గెంటేసిన కథ అది.

'జోయి' రెండేళ్లకే కొడిగట్టింది. 'లాస్ట్' 2005 సెప్టెంబరులో ఉత్తమ డ్రామా సీరియల్‌గా ఎమ్మీ అవార్డు అందుకుని, 2010 మే 23 దాకా ఆరు సీజన్లు నడిచింది.

ఇంకో సంగతి. ఎపిసోడ్ మొదట్లో, జరిగిన కథ గుర్తుచేసే ముందు ఒక మగ గొంతు ఒక్క వాక్యం పలికేది. ఆ గొంతు లాయిడ్ బ్రాన్‌ది. తమ కోసం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి నిర్మాతలు అలా కృతజ్ఞత చెప్పుకున్నారు. ఎక్కడా పేరు వేయలేదు.

ఎవరూ అడగని కథ

జనం అడిగింది 'జోయి'. 'లాస్ట్' కావాలని ఒక్కరూ అడగలేదు, అడగలేరు కూడా. లేని కథను ఎవరు అడుగుతారు? సర్వేలో ప్రేక్షకుడు తనకు నిన్న నచ్చిందే చెబుతాడు. రేపు నచ్చబోయేది అతనికీ తెలియదు. ఆ రేపటిని తెచ్చిపెట్టడానికి ఎవరో ఒకరు లెక్కలకు అందని చోట తన పేరూ పదవీ పణం పెట్టాల్సిందే. ఆ ధైర్యానికి చాలాసార్లు ఫలితం దక్కదు, దక్కినా ధైర్యం చేసినవాడికే చేరదు. అయినా ఆ మనుషుల వల్లే కథలు ముందుకు కదులుతున్నాయి.

ఇప్పుడు ఓటీటీలు ఏడాదంతా కొత్త సిరీస్‌లు దించుతున్నాయి. సెప్టెంబరు మొనగాడితనం తగ్గింది. కానీ ప్రేక్షకుడి చేతిలో ఉన్న అధికారం తగ్గలేదు. రాబోయే సీజన్ జాబితా మీ ముందుకు వచ్చినప్పుడు తెలిసిన హీరో దగ్గరో, రెండో భాగం అన్న మాట దగ్గరో ఆగిపోకండి. కిందికి రండి. ఎవరూ ఎదురుచూడని, పేరు కూడా వినని కథ ఒకటి ఉంటుంది. దాన్ని నమ్మి ఎక్కడో ఒకరు తన కుర్చీని పణం పెట్టి ఉంటారు. మీ గంట సమయం ముందుగా దానికివ్వండి.