దీపం ఆరింది, వాల్వు మూతపడలేదు

తమిళ మీడియంలో చదివి, ఇంట్లో మాట్లాడే తెలుగుతోనే రాస్తున్నవాణ్ణి. తప్పులుంటే దిద్దండి.

మొన్న మా అబ్బాయి ‘ది వెస్ట్ వింగ్’ అనే పాత అమెరికా సీరియల్ పెట్టాడు. వాళ్ళ ప్రెసిడెంటు ఆఫీసు కథ. అందులో 2006 జనవరిలో వచ్చిన ‘డక్ అండ్ కవర్’ ఎపిసోడ్ చూశాను. సరిగ్గా ఎన్నికల ముందు కాలిఫోర్నియాలో ఒక అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం. ఆ కేంద్రం తెరవడానికి ఒకప్పుడు సిఫారసు చేసింది, ఇప్పుడు ప్రెసిడెంటు పదవికి నిలబడ్డ విన్నిక్ అనే నాయకుడే. ఆ సంగతి బయటపడి అతని బలం తగ్గిపోతుంది.

కేంద్రం కల్పితమే. కానీ అలాంటిది అమెరికాలో నిజంగానే జరిగింది. పెన్సిల్వేనియా రాష్ట్రం, త్రీ మైల్ ఐలాండ్, 1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు.

రియాక్టర్‌లో ఒత్తిడి పెరిగి ఒక వాల్వు తెరుచుకుంది. తర్వాత మూసుకోవాలి. మూసుకోలేదు. కంట్రోల్ రూములో దీపం మాత్రం ఆరింది. ఆ దీపం చూపింది మూయమని ఆర్డరు వెళ్ళిందని మాత్రమే. వాల్వు మూతపడిందని కాదు. రెండు గంటలకు పైగా నీళ్ళు బయటికి పోయాయి. పనివాళ్ళు నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని, లోపలికి వచ్చే నీళ్ళనే తగ్గించారు. ఇంధనంలో సగం దాకా కరిగిపోయింది.

రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది తెలుసు. కేబిన్‌లో లివర్ లాగినంత మాత్రాన దూరంలో సిగ్నల్ చెయ్యి దిగిందని నమ్మకూడదు. తీగ తెగి ఉండవచ్చు. అందుకే కంటికి కనబడని సిగ్నల్‌కు కేబిన్‌లో రిపీటర్ ఉంటుంది. చెయ్యి నిజంగా ఎక్కడుందో అది చెబుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. 1977 సెప్టెంబరులోనే ఒహాయో రాష్ట్రంలో డేవిస్-బెస్సీ కేంద్రంలో అదే రకం వాల్వు ఇలాగే తెరుచుకుని ఉండిపోయింది. అక్కడ సమయానికి కనిపెట్టారు. రియాక్టర్ చేసిన కంపెనీలో ఒక ఇంజనీరు, మిగతా కేంద్రాల పనివాళ్ళకు హెచ్చరిక పంపాలని నోటు రాశాడు. ఆ నోటు బల్ల నుంచి బల్లకు తిరిగింది, చేరవలసినవాళ్ళకు చేరలేదు.

నేను గుమాస్తాను. డిస్పాచ్ రిజిస్టరులో నంబరు పడితే మా పని అయిపోయిందనుకునేవాళ్ళం. కాగితం చేరిందా అని ఎన్నిసార్లు అడిగాను? లెక్కపెడితే తల వంచుకోవాలి.

ప్రమాదం జరిగాక గవర్నరు, 5 మైళ్ళ లోపు గర్భిణులను, చిన్నపిల్లలను వెళ్ళిపొమ్మన్నాడు. లక్షకు పైగా జనం ఊళ్ళు విడిచారు. ఏప్రిల్ 1న ప్రెసిడెంటు కార్టర్ భార్యతో అక్కడికి వెళ్ళి కంట్రోల్ రూములో నిలబడ్డాడు. నేవీలో అణు శిక్షణ పొందిన మనిషి. 1952లో కెనడాలో చాక్ రివర్ రియాక్టర్ ప్రమాదం తర్వాత బాగుచేసే పనిలో దిగినవాడు. తర్వాత ఆయన వేసిన కమిషన్, ముఖ్యమైన లోపాలు యంత్రాలవి కావు, మనుషులవేనని తేల్చింది.

చెన్నైకి దక్షిణాన కల్పాక్కం ఉంది కనుక ఇది పరాయి కథ అనుకోలేను. మన సంఘం సంగతి కూడా చూడండి. పిల్లలకు ఆదివారం తెలుగు తరగతి పెట్టాలని తీర్మానం చేశాం, మినిట్సులో రాశాం, సంతకాలు పెట్టాం. మన దీపం ఆరింది. తరగతి జరుగుతోందా?

వచ్చే ఆదివారం నేను వెళ్ళి చూసి వస్తాను. తోడు వచ్చేవాళ్ళు చెప్పండి.