సన్నసెగ మీది మాంసం: ఎవరి పొయ్యి, ఎవరి కాలం?

కొంతకాలం క్రితం ఒక ఆదివారం మా అధ్యయన గోష్ఠి ఒక ఉపాధ్యాయ మిత్రుని ఇంట్లో జరిగింది. చర్చనీయాంశం స్త్రీ విముక్తి. చర్చ మధ్యాహ్నం రెండింటిదాకా సాగింది. తరవాత భోజనాలు. తలకాయ కూరా, పాయా వడ్డించారు. సన్నసెగ మీద గంటల తరబడి ఉడికిన మాంసం, వేలితో తాకితే ఎముక వదిలి వచ్చేస్తున్నది. "అక్కయ్యా, మా అమ్మ చేతి వంట జ్ఞాపకం వచ్చింది" అన్నాడొక విద్యార్థి. "అట్లా ఉడకాలంటే పొద్దున అయిదింటికి లేవాలి తమ్ముడూ" అన్నదామె నవ్వుతూ. ఆమె కూడా ఉపాధ్యాయురాలే. ఆనాటి చర్చలో ఒక్క మాట కూడా ఆమె వినలేదన్న సంగతి మాలో ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం ఇంటికి పోతూ దారిలో తోచింది.

అప్పటినుంచి ఈ వంట చరిత్ర ఏమిటా అని నేను ఆలోచిస్తూ, చదువుతూ వచ్చాను. నెమ్మదిగా ఉడికే మాంసాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు అమ్మనూ, ఇంటినీ, ప్రేమనూ తలుచుకుంటారు. అందులో అబద్ధం లేదు. కాని ప్రేమ ఒక్కటే మాంసాన్ని ఉడికించదు. దానికి నిప్పు కావాలి, కాలం కావాలి. ఈ రెండూ ఎవరివి అన్న ప్రశ్న వేసినప్పుడే వంట చరిత్రలోకి వస్తుంది.

ముందు మాంసం సంగతి చూద్దాం. జంతువు శరీరంలో ఎక్కువగా పనిచేసే భాగాలు పిక్కలు, మెడ, భుజాలు, దవడలు. అక్కడి కండలో కొల్లాజెన్ అనే బంధక పదార్థం ఎక్కువ. తడిలో, సుమారు 70, 80 డిగ్రీల వేడిమిలో, కొన్ని గంటలు ఉంటేగాని అది కరిగి జెలటిన్‌గా మారదు. వెన్ను పక్కన ఉండే కండకు పని తక్కువ. అది మెత్తగా ఉంటుంది, త్వరగా వేగుతుంది, ఖరీదెక్కువ. అంటే పనిచేసిన కండ గట్టిది, చవకది. పనిచేయనిది మెత్తనిది, ప్రియమైనది. గట్టి మాంసం కొనుక్కున్నవాడు డబ్బు మిగుల్చుకుంటాడు గాని, ఆ మిగిలిన డబ్బుకు బదులు కాలాన్నీ కట్టెలనూ చెల్లించవలసి వస్తుంది. పేదవాడికి ఈ రెండూ ఎక్కడినుంచి వస్తాయి?

ఈ చిక్కును సమష్టిగా పరిష్కరించుకున్న ఒక పాత ఉదాహరణ యూదుల చరిత్రలో కనిపిస్తుంది. వారి ధర్మం ప్రకారం శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రిదాకా సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. ఆ కాలంలో నిప్పు రాజెయ్యరాదు, వంట చెయ్యరాదు. కాని ముందే పొయ్యి ఎక్కించిన వంటను వేడిగా ఉంచుకోవచ్చు. దాన్ని ఎట్లా కప్పి ఉంచాలి, దేనితో కప్పకూడదు అనే చర్చ క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలోనే ఉన్నది. తూర్పు యూరపు యూదులు ఈ వంటను చోలెంట్ అన్నారు. చిక్కుడుగింజలు, బార్లీ, కొవ్వుపట్టిన గొడ్డుమాంసం, ఎముకలు, తరవాతి కాలంలో బంగాళాదుంపలు. ఇంట్లో పెద్ద పొయ్యి లేనివాళ్ళు శుక్రవారం పొద్దుగూకకముందే కుండను ఊరి రొట్టెల బట్టీకి పంపేవారు. వారమంతా కాలిన బట్టీ ఇటుకల్లో మిగిలిన వేడి రాత్రంతా ఆ కుండలను ఉడికించేది. మర్నాడు ప్రార్థన అయిన తరవాత ఎవరి కుండ వారు తెచ్చుకునేవారు.

బట్టీ ఒకటే అయినా కుండలన్నీ సమానం కావు. ఉన్నవాడి కుండలో మాంసం, లేనివాడి కుండలో గింజలు. ఈ భేదాన్ని బట్టీ తొలగించలేదు. అయినా నిప్పు ఖర్చును ఊరంతటికీ పంచింది. ఇంటి స్త్రీని వారానికి ఒక పూట పొయ్యి దగ్గరనుంచి లేపింది. మతవిధి రూపంలో ఉన్నా, ఫలితాన్ని బట్టి చూస్తే ఇది ఇంటిచాకిరీకి ఒకరోజు సెలవు. ఆ సెలవు కోసం శుక్రవారం ఆమె రెట్టింపు పని చేసేదన్నది కూడా మరవరాదు.

ఈ కుండ ప్రాణాలమీదికి తెచ్చిన సందర్భమూ ఉన్నది. స్పెయిన్ యూదులు తమ సబ్బాతు వంటను అదఫీనా అనేవారు. అక్కడ 1478లో ఇన్‌క్విజిషన్ న్యాయస్థానం ఏర్పడింది. 1492లో యూదులను దేశంనుంచి వెళ్ళగొట్టారు. క్రైస్తవం పుచ్చుకుని మిగిలిపోయిన కుటుంబాలమీద నిఘా పెట్టారు. శుక్రవారం వండి శనివారానికి దాచిన కుండ రహస్య యూదుడన్నదానికి సాక్ష్యంగా పనికివచ్చింది. కుండ గురించి సాక్ష్యం చెప్పినవారిలో ఇంటి పనిమనుషులు కూడా ఉండేవారు. ఇంకొకరి కుండలో ఏమి ఉడుకుతున్నదో మూత తీసి చూసే రాజ్యం గురించి మన కాలంలో నేను ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు.

రొట్టెల బట్టీ యూదులకే పరిమితం కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పారిశ్రామిక నగరాల పేదల ఇళ్ళలో ఆవం పొయ్యి ఉండేది కాదు. ఆదివారం వాళ్ళు మాంసపు పళ్ళేలను బట్టీకి తీసుకుపోయి, చిల్లర ఇచ్చి ఉడికించుకునేవారు. 1830లలో ఆండ్రూ ఆగ్న్యూ అనే పార్లమెంటు సభ్యుడు ఆదివారం పవిత్రంగా ఉండాలని, ఆ రోజు వ్యాపారాలూ పనులూ కట్టడి చేసే బిల్లులు పదేపదే తెచ్చాడు. 1836లో డికెన్స్ ఈ ధోరణిని ఖండిస్తూ ఒక కరపత్రం రాశాడు. 1843లో వచ్చిన ‘క్రిస్మస్ కరోల్’ కథలోనూ బట్టీలకు పళ్ళేలు మోసుకుపోయే పేదలను చూపి, బట్టీ మూస్తే వీరి భోజనం ఏం కావాలని అడిగించాడు. ఇంట్లో వంటమనిషీ పొయ్యీ ఉన్నవాడి భక్తికి ఖర్చు లేదు. పోలండు ఊళ్ళో విశ్రాంతి దినాన్ని నిలబెట్టింది బట్టీ. లండనులో విశ్రాంతి దినం పేరిట బట్టీనే మూయించబోయారు.

అదే కాలంలో ఎంగెల్సు మాంచెస్టరును చూశాడు. 1845లో ప్రచురించిన ‘ఇంగ్లండులో శ్రామికవర్గ స్థితి’లో మాంసం బజారు వర్ణన ఉన్నది. కూలి శనివారం సాయంత్రం ఇస్తారు. కార్మికుడు బజారుకు వచ్చేటప్పటికి మంచి సరుకు మధ్యతరగతివారు తీసుకుపోయి ఉంటారు. మిగిలింది ముసలి జంతువుల మాంసం, చచ్చినవాటి మాంసం, కొన్నిసార్లు కుళ్ళిన మాంసం. ఇటువంటి మాంసాన్ని నోట పెట్టుకోదగినట్టుగా చెయ్యటం ఎవరి పని? పగలంతా మిల్లులో ఉన్న స్త్రీ పని. 1847లో పదిగంటల చట్టం వచ్చిన తరవాత కూడా ఆమెకు పది గంటల మిల్లు పని, ఆపైన ఇల్లు. గొర్రెమెడ ముక్కలు, ఉల్లిపాయలు, పైన బంగాళాదుంప చక్రాలు పరిచి, మట్టిపాత్రలో పెట్టి వదిలేస్తే దానంతట అదే ఉడికే ‘హాట్‌పాట్’ అనే వంట లాంకషైరు పత్తిమిల్లుల జిల్లాల్లో పేరుపడటంలో ఆశ్చర్యమేమున్నది? గాస్కెల్ నవల ‘నార్త్ అండ్ సౌత్’లో మిల్లు యజమాని కార్మికుల భోజనశాలలో కూర్చుని ఈ హాట్‌పాట్ తిని సంతోషిస్తాడు. ఆ నవల వర్గసామరస్యాన్ని కలగన్నది. ఆ కల కుదరలేదు గాని, పెద్ద పాత్రలో అందరికీ కలిపి వండితే చవకగా మంచి భోజనం వస్తుందని మాత్రం ఆ రచయిత్రి గ్రహించింది.

పెద్ద పాత్రను పాలకులు కూడా పట్టించుకోకపోలేదు. అయితే వారి లక్ష్యం వేరు. పారిసులో దార్సె అనే రసాయనవేత్త ఎముకలనుంచి జెలటిన్ తీసి, ఆ ద్రవంతో ఆసుపత్రుల్లోని పేదలను పోషించవచ్చునన్నాడు. మాంసం ఉన్నవాళ్ళకు, ఎముకల నీళ్ళు లేనివాళ్ళకు! సైన్సు అకాడమీ నియమించిన సంఘం మజాందీ నాయకత్వంలో కుక్కలమీద పరీక్షలు చేసి, జెలటిన్ ఒక్కదానితో ప్రాణి బతకదని 1841లో నివేదిక ఇచ్చింది. సమష్టి వంట అన్నంతమాత్రాన అది ప్రజల వంట కాదనటానికి ఇది చాలు. వంటపాత్ర ఎవరి అధీనంలో ఉన్నదన్నదే ముఖ్యం.

ఇక ఆ బట్టీ కుండ ఇరవయ్యో శతాబ్దంలో ఏమయిందో చూద్దాం. చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు ఉండేవాడు. అతని తల్లిది లిథువేనియా. చిన్నప్పుడు చోలెంట్ కుండను రొట్టెల బట్టీకి ఎట్లా పంపేవారో ఆమె కొడుక్కి చెప్పింది. ఆ కథ పట్టుకుని అతడు, చుట్టూ విద్యుత్తుతో సమంగా వేడెక్కే పాత్ర ఒకటి తయారుచేశాడు. 1940లో దానికి పేటెంటు వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ అతని వ్యాపారాన్ని కొన్నది. 1971లో ఆ పాత్రను ‘క్రాక్‌పాట్’ అనే పేరుతో బజారులో పెట్టింది. ఉద్యోగాలకు పోతున్న స్త్రీలు పెరుగుతున్న రోజులవి. పొద్దున మాంసం అందులో వేసి ఉద్యోగానికి పోతే సాయంత్రానికి భోజనం సిద్ధం అని ప్రకటనలు. అమ్మకాలు విపరీతంగా పెరిగాయి.

ఇటువంటి ఆలోచన మనదేశంలో అంతకుముందే వచ్చింది. 1910లో కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అనే డాక్టరు ‘ఇక్‌మిక్ కుక్కర్’ రూపొందించాడు. అడుగున బొగ్గులు, పైన ఒకదానిమీద ఒకటి గిన్నెలు. రాజేసి పనికి పోతే ఆవిరిమీద అన్నం, పప్పు, మాంసం ఉడికి ఉంటాయి.

ఇవి మేలైన యంత్రాలే. నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. కాని నాక్సన్ తల్లి చెప్పిన కథలో ముఖ్యమైన భాగం ఒకటి ఈ పాత్రలోకి రాలేదు. ఆ కథలో బట్టీ ఒకటి, కుండలు అనేకం. కంపెనీ ఇంటింటికీ ఒక బట్టీ అమ్మింది. మాంసం తరగటం, పొద్దున నింపటం, రాత్రి కడగటం, రేపేం వండాలని ఆలోచించటం ఇవన్నీ ఆమె పనిగానే మిగిలాయి. రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే గ్రంథం దీన్నే విశదం చేస్తుంది. ఇంటి యంత్రాలు చాలావరకు మగవాడూ పిల్లలూ చేసే పనిని తగ్గించాయి గాని తల్లి పని కాలాన్ని తగ్గించలేదు. 1989లో హోక్‌షీల్డ్ అనే సామాజికశాస్త్రవేత్త దానికి ‘రెండో షిఫ్టు’ అని పేరు పెట్టింది. సన్నసెగ వంటపాత్ర ఆ రెండో షిఫ్టును రద్దు చెయ్యలేదు. మొదటి షిఫ్టుతో ఢీకొనకుండా సర్దింది.

దీనికి వేరే దారి చూడలేదా అంటే చూశారు. 1901లో జర్మనీలో లిలీ బ్రౌన్ అనేక కుటుంబాలకు ఒకే వంటశాల గల ఇళ్ళు కట్టాలని ప్రతిపాదించింది. సొంత పార్టీలోనే క్లారా జెట్కిన్ దాన్ని విమర్శించింది. 1919లో లెనిన్ ‘మహత్తర ప్రారంభం’ అనే వ్యాసంలో ఇంటిచాకిరీ స్త్రీని అణగదొక్కుతున్నదని చెప్పి, ప్రజా భోజనశాలలనూ శిశుశాలలనూ కమ్యూనిజపు మొలకలన్నాడు. 1925లో ఇవానొవో-వొజ్నెసెన్స్క్‌లో మొదటి వంట కర్మాగారం వెలిసింది. అయినా 1991లో సోవియట్ యూనియన్ ముగిసేదాకా అక్కడి స్త్రీకి రెండు పనుల బరువు పోలేదన్న సత్యాన్ని మనం ఒప్పుకోవాలి. భోజనశాల తెరవటం ప్రభుత్వానికి చేతనయింది. మగవాడి చేత గిన్నె పట్టించటం ఉత్తర్వుతో జరిగే పని కాలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేకమాంసం, గోధుమలు, పప్పులు, నెయ్యి. ఇటుకా మట్టీతో కట్టిన బట్టీలో, కట్టెల మంటమీద, పన్నెండు గంటలదాకా ఉడుకుతుంది. ఘోట్నీ అనే కర్రతో దాన్ని దంచుతూ, తిప్పుతూ ఉండాలి. రంజాను నెలలో నగరం నలుమూలలనుంచీ అన్ని మతాలవాళ్ళూ గిన్నెలు పట్టుకుని ఈ బట్టీల దగ్గర నిలబడతారు. పోలండు ఊరి బట్టీ ఇక్కడ మరో రూపంలో బతికే ఉన్నది. అయితే ఇది హోటలు యజమాని బట్టీ. రాత్రంతా పొగలో ఘోట్నీ పట్టినవాడి భుజాలకు ఎంత కూలి ముట్టుతున్నదన్న ప్రశ్న ఇక్కడా ఉన్నది. కాని ఒక్క సంగతి గమనించండి. ఆ గరిటె తిప్పటం పని అని అందరూ ఒప్పుకుంటారు. ఎక్కువో తక్కువో దానికి కూలి ఉన్నది. అదే గరిటె ఇంట్లో తిప్పితే దానికి పని అనే పేరు కూడా లేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాల్గొన్నవారిలో స్త్రీ రోజుకు 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు జీతంలేని ఇంటిపని చేశారు. పైగా ఈ పనుల్లో అసలు పాల్గొనని పురుషులు ఈ లెక్కలోకి రారు.

ఈ చరిత్రనుంచి నేను గ్రహించింది ఇది. నెమ్మదిగా ఉడికే మాంసం శ్రామికుల వంట. గట్టి మాంసం వారి వంతుకు వచ్చింది గనుక అది పుట్టింది. నిప్పును పంచుకున్నచోట అది కొంత విశ్రాంతినిచ్చింది. నిప్పును ఇంటింటికీ విడదీసి అమ్మినచోట విశ్రాంతి పోయి, రుచి మాత్రం మిగిలింది. ఆ రుచిని మాతృప్రేమ అని పొగడటం మనకు తేలిక. ఎందుకంటే పొగడ్తకు కాలం పట్టదు.

తరవాతి నెల గోష్ఠి జరిగినప్పుడు నేను ఈ విషయం ప్రస్తావించాను. మిత్రులు కొంత నవ్వారు, కొంత నొచ్చుకున్నారు. చివరకు, వంట వంతులవారీగా చెయ్యాలని, పొయ్యి మీద పాత్ర ఉడుకుతుండగా వంట చేసేవారు కూడా వచ్చి కూర్చోవాలని నిర్ణయమయింది. మొదటి వంతు నాకే పడింది. పాయా సరిగా ఉడకలేదు. ఆ ఉపాధ్యాయురాలు చర్చ మొదటినుంచి చివరిదాకా కూర్చున్నది. ఆమె అడిగిన రెండు ప్రశ్నలకు మాలో ఎవరిదగ్గరా సమాధానం లేకపోయింది.