పెన్‌డ్రైవ్ మీద గిట్: హద్దులూ దారులూ

పెన్‌డ్రైవ్ ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకోవాలి. అందుకే దాన్ని ఎక్కువగా ఫ్యాట్ కుటుంబపు ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేస్తారు. 1977లో మైక్రోసాఫ్ట్‌లో పుట్టిన ఈ పద్ధతిలో తొలుత ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు అక్షరాలకు మించేది కాదు. 1995లో విండోస్ 95తో పొడవాటి యూనికోడ్ పేర్లు, 1996లో ఫ్యాట్32 వచ్చాయి. ఒక్కో ఫైలు 4 జీబీలోపే ఉండాలన్న నియమం మాత్రం మిగిలింది.

2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ అనే ప్రోగ్రామ్‌ను రాశారు. ఫైలుకు ప్రోగ్రామ్‌గా నడిచే అనుమతి ఉందా, అది సింబాలిక్ లింకా అన్న వివరాలు అందులో నమోదవుతాయి. ఫ్యాట్‌లో వాటికి చోటే లేదు. ఇంగ్లిషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల్లో మాత్రమే తేడా ఉన్న రెండు పేర్లు అక్కడ ఒకే ఫోల్డర్‌లో ఇమడవు. గిట్ కొత్త రిపాజిటరీని (చరిత్రతో కూడిన ఫోల్డర్‌ను) సిద్ధం చేసేటప్పుడే డిస్కును పరీక్షించి కోర్.ఫైల్‌మోడ్, కోర్.సిమ్‌లింక్స్, కోర్.ఇగ్నోర్‌కేస్ సెట్టింగులను సరిచేసుకుంటుంది. లినక్స్ డిస్కులోని ఫోల్డర్‌ను యథాతథంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే పాత సెట్టింగులే వెంట వస్తాయి. అప్పుడు ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా ఫైళ్లు మారాయని గిట్ చూపిస్తుంది. కాపీకి బదులు గిట్ చేత కొత్త రిపాజిటరీగా క్లోన్ చేయించడం అందుకే మేలు.

తెలుగు పేర్లకు పెద్దబడి, చిన్నబడి చిక్కు లేదు కానీ వేరే చిక్కులున్నాయి. ఫ్యాట్ పొడవాటి పేరుకు 255 యూనికోడ్ సంకేతాల దాకా చోటిస్తుంది. లినక్స్‌లోని ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో పేరుకు కొలత 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు. ‘భవానీపురం’ అన్న పేరులో హల్లులు, గుణింతపు గుర్తులు, సున్నతో కలిపి 9 సంకేతాలు, అంటే 27 బైట్లు. 85 సంకేతాలు దాటిన తెలుగు పేరు పెన్‌డ్రైవ్‌లో ఇమిడినా ఎక్స్‌ట్4లో ఇమడదు. మ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు ‘మైలవరం’లోని ఐత్వాన్ని ఎత్వంగా, కింది గుర్తుగా విడదీసి దాచేవి. కంటికి పేరు ఒకటే అయినా బైట్లు వేరు కావడంతో తనకు తెలియని కొత్త ఫైలు వచ్చినట్టు గిట్ భావించేది. 2012లో వచ్చిన కోర్.ప్రీకంపోజ్‌యూనికోడ్ సెట్టింగు దీన్ని చక్కదిద్దింది.

2006 నాటి ఎక్స్‌ఫ్యాట్ 4 జీబీ నియమాన్ని తొలగించింది గానీ అనుమతులు, లింకుల లోటు తీర్చలేదు. 2022లో గిట్ ఫోల్డర్ యజమానిని కూడా తనిఖీ చేయడం మొదలుపెట్టాక, యజమాని వివరం దాచని ఇలాంటి డిస్కుల మీది రిపాజిటరీలను విండోస్‌లో నిరాకరించసాగింది. నమ్మకమైన ఫోల్డర్‌ను సేఫ్.డైరెక్టరీ జాబితాలో చేర్చడం దానికి మందు.

ఈ చిక్కుల్లో చాలావాటిని తప్పించే దారి, పని ఫైళ్లను డ్రైవ్ మీద పరచకుండా చరిత్రను మాత్రమే మోసుకెళ్లడం. 2007లో చేరిన గిట్ బండిల్ ఆదేశం మొత్తం చరిత్రను ఒకే ఫైలుగా కడుతుంది. పేర్లు, లింకులు, అనుమతులు దాని లోపలే ఉంటాయి కనుక డ్రైవ్ ఏ ఫార్మాట్‌దైనా చెక్కుచెదరవు. డ్రైవ్ మీదే పని చేయక తప్పనివారికి ఎక్స్‌ఫ్యాట్‌లో డిస్క్ ఇమేజ్ ఫైలు తయారుచేసి, దాని లోపల ఎక్స్‌ట్4 పెట్టుకునే పద్ధతి ఉంది. లినక్స్ ఆ ఫైలును మామూలు డిస్కులాగే తెరుస్తుంది.