నల్గొండ ఫ్లోరోసిస్: వెన్నుపాము, రాగి జీవక్రియలపై పరిశోధనలు

నల్గొండ ఫ్లోరోసిస్ అనగా తెలంగాణలోని పూర్వపు నల్గొండ జిల్లాలో (2016 నుండి నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు) భూగర్భజలాలలోని అధిక ఫ్లోరైడు వలన ప్రబలిన దీర్ఘకాల వ్యాధి. గారపట్టిన పళ్ళు, వంగిన నడుము దీని లక్షణాలుగా అందరికీ తెలిసినవే. ఇంతగా ప్రచారములోకి రానివి మరి రెండు కలవు. పెద్దవారిలో గట్టిపడిన ఎముక వెన్నుపామును నొక్కి కాళ్ళు చచ్చుబడుట ఒకటి. పిల్లలలో, యువకులలో ఎముకలు గుల్లబారి మోకాళ్ళు వంకర తిరుగుట రెండవది. ఈ రెండవదాని కారణాన్ని వెదుకుతూ హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు శరీరంలోని రాగి వద్దకు చేరుకున్నారు.

నేపథ్యము

భారతదేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను తొలుత వైద్య పత్రికలలో వర్ణించినది కూడా తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలోని గ్రామాలలో ఈ వ్యాధిని పరిశీలించి, ఎముకల మార్పులతో పాటు నరాల లక్షణాలను కూడా వర్ణించారు. ఆ గ్రామాలు గల దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు తరువాత ప్రకాశం జిల్లాలో చేరాయి. నల్గొండలోని వ్యాధిని గురించి సిద్దిఖీ రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది కూడా అదే సంవత్సరము డిసెంబరు 10న. ఈ తేదీలను గుర్తుంచుకొనుట అవసరము, ఎందుకో ముందు తెలుస్తుంది.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇక్కడి గ్రానైటు శిలలలోని ఫ్లోరైడు ఖనిజాలు నీటిలో కరుగుట వలన ఎన్నో బావులలో ఇంతకు కొన్ని రెట్లు ఉండేది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు ఇందుకు బాగా పేరుపడినవి.

వెన్నుపాము నలిగే విధము

శరీరంలో చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రము ద్వారా పోతుంది, మిగిలినది ఎముకలలో నిలుస్తుంది. అది ఎముకను నిర్మించే కణాలను ప్రేరేపించుట వలన ఎముక దట్టమవుతుంది. వెన్నుపూసలను కలిపి ఉంచే స్నాయువులు కూడా క్రమేణా ఎముకగా మారతాయి. వెన్నెముక వంగే గుణాన్ని కోల్పోయి ఒకే కర్రవలె బిగుసుకుపోతుంది. మెడ భాగములో వెన్నుపాము ఉండే కాలువ వ్యాసము ఆరోగ్యవంతులలో సుమారు 17 మిల్లీమీటర్లు. స్నాయువులు లోపలి వైపు పెరిగినకొద్దీ ఈ చోటు తరుగుతుంది. పాము కదలుటకు తావు ఉండదు.

ఈ మార్పు ఏళ్ళ తరబడి సాగుతుంది. మొదట చేతులలో, కాళ్ళలో తిమ్మిర్లు, నడకలో బిగువు, మెట్లు దిగేటప్పుడు తడబాటు కనిపిస్తాయి. తరువాత మూత్రము మీద అదుపు తప్పుతుంది. కాలువ బాగా ఇరుకైనవారిలో చిన్నపాటి జారిపడుట కూడా కాళ్ళు చేతులు ఒక్కసారిగా చచ్చుబడుటకు కారణము కాగలదు. మామూలు మనిషి దుమ్ము దులుపుకొని లేచిపోయే పాటి దెబ్బ ఇక్కడ వెన్నుపాము గాయమవుతుంది. ఫ్లోరోసిస్ నరాల లక్షణాలపై హైదరాబాదులో విస్తృతముగా పరిశోధించిన నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి.

వంకర మోకాళ్ళు, గుల్లబారిన ఎముకలు

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త లక్షణ సముదాయాన్ని వర్ణించారు. ఫ్లోరైడు ప్రాంతపు పిల్లలలో, యువకులలో మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ పాదాలు ఎడమై ఉంటున్నాయి. దీనిని జెనూ వాల్గం అందురు. వింత ఏమనగా, వీరి వెన్నెముక ఫ్లోరోసిస్ రోగులలో వలె దట్టముగా ఉన్నది, కాళ్ళ ఎముకలు మాత్రము గుల్లబారి ఉన్నాయి. ఒకే మనిషిలో, ఒకే నీటితో రెండు విరుద్ధమైన మార్పులు. ఫ్లోరైడు ఒక్కటే దీనిని వివరించజాలదు.

పరిశోధకుల దృష్టి ఆహారము మీదకు మళ్ళింది. రోగులు ప్రధానంగా జొన్నలు తినేవారు. జొన్న గటక, జొన్న రొట్టె ఆ కాలపు పేద కుటుంబాల రోజువారీ భోజనము. ఆ ప్రాంతపు జొన్నలలో మాలిబ్డినం అనే లోహము అధికముగా ఉన్నట్లు పరీక్షలలో తేలింది. మాలిబ్డినం రాగికి శత్రువని పశువైద్యులకు అప్పటికే తెలుసు. ఇంగ్లండులోని సోమర్సెట్ బీళ్ళలో మేసిన పశువుల జబ్బుకు మాలిబ్డినమే కారణమని 1938లోనే గుర్తించారు.

శరీరంలో రాగి పాత్ర

వయోజనుని శరీరంలో ఉండే రాగి మొత్తము సుమారు 100 మిల్లీగ్రాములే. రోజుకు కావలసినది దాదాపు 1 మిల్లీగ్రాము. రక్తంలో దీనిలో అధిక భాగము సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీనుతో కలిసి ఉంటుంది. ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే లైసిల్ ఆక్సిడేజ్ అను ఎంజైముకు రాగి తప్పనిసరి. అది లోపించిన ఎముక పెళుసవుతుంది. కణాలలో శక్తి ఉత్పత్తికి, నరాల పోషణకు కూడా రాగి అవసరము.

రాగి ఎక్కువైనా ముప్పే. పుట్టుకతో వచ్చే విల్సన్ వ్యాధిలో కాలేయము రాగిని పైత్యరసము ద్వారా విసర్జించలేదు. అది కాలేయములో, మెదడులో పేరుకుపోతుంది. మెంకెస్ వ్యాధి దీనికి వ్యతిరేకము: పేగు నుండి రాగి శరీరంలోకి చేరదు.

మాలిబ్డినం ప్రయోగము, ఆనకట్ట వాదము

1974లో జాతీయ పోషకాహార సంస్థలోనే దేవస్థలే, గోపాలన్ కొద్దిమంది వయోజన పురుషులకు వేర్వేరు మోతాదులలో మాలిబ్డినం గల జొన్నలు పెట్టి పరీక్షించారు. మాలిబ్డినం రోజుకు 160 మైక్రోగ్రాములు ఉన్నప్పుడు మూత్రములో పోయిన రాగి 24 మైక్రోగ్రాములు. 540 ఉన్నప్పుడు 42. 1540 ఉన్నప్పుడు 77. శరీరంలోని నిల్వల నుండి రాగి బయటకు పోతున్నదని దీని భావము.

జొన్నలలో మాలిబ్డినం ఎందుకు పెరిగినది? దీనికి కృష్ణమాచారి బృందము చెప్పిన వివరణ ఆసక్తికరమైనది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఊట నీటి మట్టము పెరిగి నేలలు చౌడుబారాయని, చౌడు నేలలో మొక్కలు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయని వారి వాదము. చౌడు నేలలో మాలిబ్డినం మొక్కకు సులభముగా అందుట నేలశాస్త్రము ఒప్పుకున్న విషయమే. అయితే ఆనకట్ట వలన ఫ్లోరోసిస్ వచ్చినదని కొందరు చెప్పే మాట సరికాదు. ఆనకట్ట పని మొదలు కాకమునుపే నల్గొండలో ఫ్లోరోసిస్ ఉన్నది. వివాదము వంకర మోకాళ్ళను గురించి మాత్రమే.

ఆ గొలుసులోని ప్రతి లంకె సమానముగా గట్టిది కాదు. పశువుల నెమరు కడుపులో మాలిబ్డినం గంధకముతో కలిసి రాగిని బంధించే థయోమాలిబ్డేట్లుగా మారుతుంది. మనిషికి అటువంటి కడుపు లేదు. అమెరికాలో టర్న్‌లండ్ బృందము తరువాతి కాలములో జరిపిన పరీక్షలలో రోజుకు 1500 మైక్రోగ్రాముల మాలిబ్డినం ఇచ్చినా రాగి విసర్జనలో మార్పు కనిపించలేదు. పాలు, కాల్షియం తక్కువైన ఆహారము కూడా ఫ్లోరైడు హానిని పెంచుతుందని పలు పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి రాగిని ఒక భాగస్వామిగా భావించవచ్చును గాని ఏకైక దోషిగా కాదు.

రాగి లోపము వలన వచ్చే వెన్నుపాము వ్యాధి

రాగి తక్కువైన గొర్రెలకు పుట్టిన పిల్లలు వెనుక కాళ్ళు తడబడి కూలిపోవుట 1930లలోనే ఆస్ట్రేలియాలో గమనించారు. మనుషులలో ఇటువంటి వ్యాధిని గుర్తించినది చాలా ఆలస్యముగా, 2001లో. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు నీరజ్ కుమార్ తదుపరి సంవత్సరాలలో దీనిని వివరముగా వర్ణించాడు. కడుపు శస్త్రచికిత్స జరిగినవారిలో, జింకు మాత్రలను మితిమీరి వాడినవారిలో ఇది ఎక్కువ. విల్సన్ వ్యాధికి వాడే జింకు కూడా మోతాదు మించితే రోగిని రాగి లోపములోకి నెట్టగలదు.

లక్షణాలు బి12 విటమిను లోపాన్ని పోలి ఉంటాయి: పాదాలు నేల మీద ఎక్కడ ఉన్నదీ తెలియకపోవుట, చీకటిలో నడవలేకపోవుట, రక్తహీనత. రాగి ఇస్తే రక్తహీనత త్వరగా తగ్గుతుంది. నరాలు మాత్రము పూర్తిగా కోలుకొనుట అరుదు. అందుచేతనే రక్తంలో రాగిని, సెరులోప్లాస్మిన్‌ను ముందుగా పరీక్షించుట ముఖ్యము. నల్గొండ రోగుల కాళ్ళు చచ్చుబడుటకు కారణము ఎముక ఒత్తిడి. దానిని ఈ వ్యాధితో కలిపి చెప్పరాదు. రాగి చెంబులో నీరు తాగితే ఫ్లోరైడు పోతుందన్న నమ్మకానికి కూడా ఆధారము లేదు.

నీటి శుద్ధి

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరులతో ఫ్లోరైడును తొలగించే పద్ధతిని రూపొందించింది. దీనికి నల్గొండ పద్ధతి అనే పేరు స్థిరపడి, ఆఫ్రికా దేశాలకు కూడా వెళ్ళింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించబడిన మిషన్ భగీరథ పథకము ద్వారా నదీజలాలు ఇళ్ళకు చేరుట ప్రారంభమైనది.

శస్త్రచికిత్స, పునరావాసము

నీరు మారినంత మాత్రాన ఎముకగా మారిన స్నాయువు కరగదు. నొక్కుడు తొలగించుటకు వెన్నుపూసల వెనుక భాగాన్ని తీసివేసే శస్త్రచికిత్స చేస్తారు. ఫ్లోరోసిస్ ఎముక దంతమువలె గట్టిది, వెన్నుపాము పొరకు అంటుకొని కూడా ఉంటుంది. అందువలన శస్త్రచికిత్స కష్టము, ఫలితము అందరిలో ఒకేవిధముగా ఉండదు. నడక పూర్తిగా పోకముందే వచ్చినవారికి మేలు జరిగే అవకాశము ఎక్కువ.

కాళ్ళు చచ్చుబడినవారిని ఒకప్పుడు చంపినది చాలావరకు పడకపుండ్లు, మూత్రపిండాల చీము. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో 1944 నుండి లుడ్విగ్ గుట్‌మన్ ఈ రెంటినీ అదుపు చేయవచ్చునని చూపించాడు. మన దేశంలో, ప్రమాదములో తన కాళ్ళు చచ్చుబడిన వైద్యురాలు మేరీ వర్గీస్ వెల్లూరులో పునరావాస కేంద్రానికి ప్రాణము పోసింది. అది 1966లో ఏర్పడింది. రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పుట, శుభ్రమైన గొట్టముతో వేళకు మూత్రము తీయుట, కీళ్ళు బిగియకుండా కదిలించుట నేటికీ దీనికి మూలాధారాలు. ఇవి ఖరీదైనవి కావు, ఇంటివారికి నేర్పదగినవి.

ఫ్లోరోసిస్ రోగికి చిక్కు మరొకటి ఉన్నది. వెన్ను, తుంటి బిగుసుకొని ఉండుట వలన ఒరిగి పడుకొనుట గాని చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చొనుట గాని అతనికి సాధ్యము కాకపోవచ్చును. ఎత్తైన మంచము, వీపు భాగము వెనుకకు వాలే కుర్చీ, స్నానాల గదిలో పట్టుకొనుటకు కడ్డీ అవసరమవుతాయి. మెడ బిగిసినవారిని బలవంతముగా మర్దన చేయుట, మెడ విరుచుట ప్రమాదకరము.