మూలమట్టం నుంచి కేంబ్రిడ్జ్ బోర్డు దాకా

లెక్కల మీద ఎపిసోడ్ పెడితే అందరికీ నిద్రొస్తుందనుకున్నా. కానీ క్యాంపులో ముగ్గురు నలుగురు పట్టుకుని, "ఆ కేంబ్రిడ్జ్ ఆయన కథ రాసి పెట్టన్నా, తీరిగ్గా చదువుకుంటాం" అన్నారు. అందుకే ఇది. నేను ఐటీఐ చదివినోణ్ణి, అంత పెద్ద లెక్కలు నాకూ రావు. అయినా ఈ కథలో అసలు సంగతి సైట్ మీద పని చేసినోళ్లకు తొందరగానే అందుతుంది.

గోడల మూల కరెక్టుగా ఉందో లేదో ఎలా చూస్తాం? ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య టేపు పడతాం. సరిగ్గా 5 వస్తే మూలమట్టం కుదిరినట్టే. మూడు మూళ్లు 9, నాలుగు నాలుగులు 16, కలిపితే 25. అది అయిదైదులు. ఇలాంటి జతలు ఇంకా చాలా ఉన్నాయి. 5, 12, 13 కూడా అంతే.

1637 ప్రాంతంలో ఫ్రాన్సులో పియరీ డి ఫెర్మా అనే ఆయన ఉండేవాడు. తులూజ్ కోర్టులో ఉద్యోగం, ఖాళీ దొరికితే లెక్కలు. తను చదువుతున్న పుస్తకం అంచున ఒక మాట రాసుకున్నాడు. అంకెను రెండుసార్లు కాకుండా మూడుసార్లు, నాలుగుసార్లు, ఇంకెన్నిసార్లు హెచ్చించి చూసినా ఇలాంటి జత పూర్తి అంకెల్లో ఒక్కటీ దొరకదని. దానికి రుజువు తన దగ్గర ఉందట, రాయడానికి ఆ అంచు చాలదట! ఆయన పోయాక ఎంత వెతికినా ఆ రుజువు దొరకలేదు. 350 ఏళ్లు ఎందరో ప్రయత్నించారు, ఎవరివల్లా కాలేదు.

కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఆండ్రూ వైల్స్ పదేళ్ల వయసులో లైబ్రరీ పుస్తకంలో ఈ లెక్క చూశాడు. పెద్దయ్యాక అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1986లో కెన్ రిబెట్ అనే ఆయన, వేరే ఒక పెద్ద లెక్కను సాధిస్తే ఫెర్మా మాట కూడా తేలిపోతుందని చూపించాడు. వైల్స్ ఆ రోజు నుంచి మిగతా పనులన్నీ పక్కనపెట్టి, ఇంటి అటకగదిలో ఏడేళ్లు దీని మీదే కూర్చున్నాడు. ఇంట్లో భార్యకు తప్ప దాదాపు ఎవరికీ చెప్పలేదు.

1993 మొదట్లో నిక్ కాట్జ్ అనే తోటి ప్రొఫెసర్‌కి గుట్టు విప్పాడు. పని చెక్ చేయాలి కానీ విషయం బయటికి పొక్కకూడదు. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం చేశారు. యూనివర్సిటీలో మామూలు క్లాసు ఒకటి పెట్టారు. వైల్స్ బోర్డు మీద చెప్తాడు, కాట్జ్ విద్యార్థుల మధ్య కూర్చుని వింటాడు. ఈ లెక్క ఎందుకో తెలియని విద్యార్థులు విసుగొచ్చి ఒక్కొక్కరే మానేశారు. చివరికి క్లాసులో మిగిలింది కాట్జ్ ఒక్కడే.

అదే ఏడాది జూన్ 21, 22, 23 తేదీల్లో కేంబ్రిడ్జ్‌లోని ఐజాక్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్‌లో వైల్స్ మూడు ఉపన్యాసాలిచ్చాడు. పేరులో ఫెర్మా ఊసే లేదు. కానీ రోజురోజుకీ పుకారు పెరిగి, మూడో రోజు గది కిక్కిరిసింది. చివర్లో బోర్డు మీద ఫెర్మా మాట రాసి, ఇక్కడితో ఆపుతానన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త.

మామూలుగా కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ నాకు నచ్చింది దీని తర్వాత జరిగింది.

200 పేజీల రాతప్రతిని ఆరుగురు పంచుకుని చెక్ చేశారు. అందులో కాట్జ్ కూడా ఒకడు. లైను లైనూ చదువుతూ, అర్థం కానిచోటల్లా వైల్స్‌కి ఈమెయిల్‌లో ప్రశ్న పంపేవాడు. ఆగస్టులో ఒక ప్రశ్నకు మాత్రం సరైన జవాబు రాలేదు. రుజువులో ఖాళీ ఉంది! క్లాసులో చివరిదాకా కూర్చున్న కాట్జ్‌కే అప్పుడు అది కనబడలేదు. వినేటప్పుడు దాటిపోయింది, ఆగి అడిగేటప్పుడు దొరికింది.

ప్రపంచమంతా చప్పట్లు కొట్టాక తప్పుందని ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. డిసెంబర్ 4న వైల్స్ ఈమెయిల్‌లో అందరికీ చెప్పేశాడు, ఒక చోట రుజువు ఇంకా పూర్తి కాలేదని. తన పాత విద్యార్థి రిచర్డ్ టేలర్‌ని సాయానికి పిలిచాడు. నెలల తరబడి కుదరలేదు. 1994 సెప్టెంబర్ 19 ఉదయం, ఇది ఎందుకు పనిచేయట్లేదో చూద్దామని కూర్చుంటే, తను ఎప్పుడో వదిలేసిన పాత దారే ఆ ఖాళీని పూడుస్తుందని తట్టింది. 1995 మేలో రెండు వ్యాసాలు అచ్చయ్యాయి, ఒకటి టేలర్‌తో కలిసి రాసినది. 2016లో వైల్స్‌కి ఏబెల్ ప్రైజ్ వచ్చింది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఫోర్‌మన్ అయిన కొత్తలో ఒక పిల్లర్‌కి షట్టరింగ్ ఊడదీస్తే అడుగున హనీకోంబ్, లోపలి రాడ్లు కనబడుతున్నాయి. భయపడి, రాత్రికి రాత్రి సిమెంట్ పాలు పూసి నున్నగా చేయించా. పొద్దున ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన చిన్న సుత్తితో తట్టాడు. బోలు చప్పుడు. అందరి ముందూ నా తల వంగిపోయింది. అక్కడంతా కొట్టి, శుభ్రం చేసి, మళ్లీ నింపేదాకా నాలుగు రోజులు పట్టింది. ముందే చెప్పుంటే ఒక్క రోజు పని.

వైల్స్‌కీ మనకూ తేడా లేదని నేననను. తప్పు ఒప్పుకున్నా ఆయన కుర్చీ కదల్లేదు. మనకైతే జీతంలో కోత పడుతుందనో, ఇంటికి పంపేస్తారనో భయం. అందుకే పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో అందరూ తలూపి సంతకం పెడతారు, ఒక్కడూ ప్రశ్న అడగడు. ఆ భయం పోగొట్టాల్సింది పైన ఉన్నోళ్లం మేమే.

ఇప్పుడు నా టాక్‌లో మొదటి మాట, "నిన్న నా వల్ల ఎక్కడ తేడా వచ్చిందంటే..." అని నేనే మొదలుపెడతా. మొదట్లో అందరూ బిత్తరపోయి చూశారు. మొన్న కొత్తగా వచ్చిన కుర్రాడొకడు చెయ్యెత్తి, "అన్నా, నిన్న నేను కట్టిన మూల ఇంకోసారి చూస్తారా?" అన్నాడు. టేపు తీసుకుని ఇద్దరం వెళ్లాం. అర అంగుళం తేడా ఉంది. ఇంకా ప్లాస్టర్ పడలేదు కాబట్టి అప్పుడే సరిచేసుకున్నాం.