దండీలు, బస్కీలు: దేహభార వ్యాయామ చరిత్ర

వ్యాయామమునకై మనుష్యుడు కల్పించుకొన్న పరికరములు పెక్కులు. రాతిగుండు, గద, కరేలా, ఇనుపకడ్డీ, నేటి పట్టణములలోని విద్యుద్యంత్రములు, ఇవి యన్నియు ఒక్కొక్క కాలమున పుట్టినవి. వీనికన్నిటికంటె ముందుగా ప్రతివానికి పుట్టుకతోనే లభించిన సాధన మొకటి కలదు. అది అతని దేహభారము. నేలపై అరచేతులాన్చి తన బరువును తానే యెత్తుట దండీ. మోకాళ్ళు వంచి క్రుంగి తిరిగి లేచుట బస్కీ. పైకము ఖర్చులేని యీ వ్యాయామము దేహసాధనలో ఎంతవరకు ఉపకరించునో, ఎచ్చట చాలదో, దాని చరిత్రయే తెలుపుచున్నది.

ప్రాచీన వైద్య గ్రంథములు వ్యాయామమునకు సముచిత స్థాన మొసగినవి. దేహమునకు స్థైర్యమును, బలమును కలిగించు చేష్టయే వ్యాయామమని చరకసంహిత చెప్పి, దానిని మితముగా చేయవలెనని నిర్దేశించినది. సుశ్రుతసంహిత ఆ మితిని కొలుచు విధమును గూడ తెలిపినది. మనుష్యుడు తన బలములో సగము వరకే శ్రమింపవలెను. నోటివెంట శ్వాస విడువవలసి వచ్చుటయే అర్ధబలమునకు గుర్తు. ఎవని కొలత వానియందే యున్నదన్న యీ సూత్రము మిక్కిలి విలువైనది.

12వ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మల్లుల శిక్షణ వర్ణింపబడినది. అందు బరువులతో చేయు భారశ్రమ, నడకయగు భ్రమణశ్రమ, ఈతయగు సలిలశ్రమ, స్తంభము నాశ్రయించి చేయు స్తంభశ్రమ మున్నగునవి కలవు. నాటి శిక్షకులు ఏ యొక్క సాధనతోడను తృప్తి చెందక, అన్నిటిని జతపరచిరని దీనివలన తెలియుచున్నది.

తరువాతి కాలపు తాలింఖానాలలో దండీలు, బస్కీలు పునాదిగా నిలిచినవి. ముందు ఇవి, పిదప గోదాలో పట్లు. అదియే వస్తాదుల క్రమము. ఈ సాధనతో లోకప్రసిద్ధి నందినవాడు గామా పహిల్వాను. అతడు 1910లో లండను నగరమున పోలెండు మల్లుడగు జిబిస్కోతో దాదాపు మూడు గంటలు పోరాడెను. ఆ పోరు సమముగా ముగిసెను. 1928లో పటియాలాలో అదే మల్లుని ఒక్క నిమిషము లోపుననే ఓడించెను. గామా నిత్యము దండీలు, బస్కీలు వేలకొలది తీసెడివాడని ప్రతీతి. బాల్యమున, 1888లో, జోధ్‌పూరులో జరిగిన బస్కీల పందెమున నాలుగువందలమందికి పైగా మల్లులు పాల్గొనగా, ఆ బాలుడు చివరి పదునైదుగురిలో నిలిచి మహారాజు మన్ననలు పొందెను. కాని పిదప కొన్ని దినములు మంచము పట్టెనని గూడ చెప్పుదురు. పందెమునకు మెప్పు లభించినను, సుశ్రుతుడు చెప్పిన అర్ధబల నియమమును అతిక్రమించిన ఫలితమును దేహము చెల్లింపక తప్పలేదు. గామా బలమునకు దండీలే సర్వస్వమని తలంచుటయు పొరపాటే. తోటి మల్లులతో దినదినము చేసిన కుస్తీయు అందు సగపాలు.

తెలుగుదేశమున కోడి రామమూర్తినాయుడుగారు ఇట్టి కీర్తి నార్జించిరి. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, పిదప సర్కసు నెలకొల్పి, ఏనుగును రొమ్ముపై నిలుపుట, ఇనుపగొలుసులు త్రెంచుట మొదలగు ప్రదర్శనములు చూపి, 1942లో కీర్తిశేషులైరి. ప్రదర్శనమున జనులు చూచినది ఏనుగును. దాని వెనుక నున్న సంవత్సరముల సాధనను చూచినవారు కొందరే.

ఈ మధ్యకాలమున ఐరోపాలో వేరొక మార్గ మేర్పడెను. 1813లో పేర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోం నగరమున వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. వరుసలో నిలిచి, ఆజ్ఞానుసారముగా చేతులు, కాళ్ళు, నడుము కదల్చు స్వీడిష్ పద్ధతి ఇంగ్లండు బడులలోనికి, అచ్చటినుండి మన బడులలోనికి డ్రిల్లు పేరిట ప్రవేశించెను. దానివలన వేలమంది పిల్లలకు ఒకేసారి వ్యాయామ మలవడినది. కాని అందరికి ఆజ్ఞ యొక్కటే, లెక్క యొక్కటే యగుటచే, ఎవని కొలత వానిదన్న సూత్రము మరుగున పడినది. 1920లో హెచ్. సి. బక్కు మదరాసులో వై. ఎం. సి. ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పుటతో ఉపాధ్యాయులకు శాస్త్రీయ శిక్షణ లభింపసాగెను. ఔంధు సంస్థానాధిపతి భవానరావు పంత్ ప్రతినిధి సూర్యనమస్కారములను సర్వజన వ్యాయామముగా ప్రచారము చేసి, 1928లో వానిపై గ్రంథమును ప్రకటించెను. 1950ల చివర కెనడా వైమానిక దళమునకై ఐదు వ్యాయామములు, 11 నిమిషములు గల దైనిక క్రమము రూపొందింపబడెను. పరికరము లేవియు నక్కరలేని యా క్రమమున వయస్సును, శక్తిని బట్టి లెక్క మారుచుండుటచే, పాత సూత్రము మరల తల యెత్తినది.

ఈ మార్పు దేహభార వ్యాయామమున సులభసాధ్యము. దేహమును చాచి చేయు దండీలో శరీర భారమున సుమారు మూడింట రెండు వంతులు చేతులపై బడును. మోకాళ్ళు నేల కాన్చినచో సుమారు సగమే. అనగా 60 కిలోల మనిషి మొదటి విధమున 40 కిలోలు, రెండవ విధమున 30 కిలోలు మోయుచున్నాడు. గోడ కానుకొని చేసినచో భారము మరింత తగ్గును. పాదములను అరుగుపై నుంచినచో పెరుగును. వృద్ధులకు అరుగుపై కూర్చుండి చేతి సాయము లేక లేచుటయే బస్కీ. మోకాళ్ళ నొప్పి, గుండెజబ్బు కలవారు మాత్రము వైద్యుని సలహా పొందవలెను.

ఇక దీని కొరత. దండీ తోయు బలమును, బస్కీ తొడల బలమును పెంచును. లాగు బలము మాత్రము వీనివలన చాలినంతగా రాదు. తాలింఖానాలో మల్లఖంబము, త్రాడెక్కుట ఆ లోటును తీర్చెడివి. పల్లెలో దానిని పనియే తీర్చెడిది. బావినుండి నీరు చేదుట, రోకటిపోటు, తిరగలి, ఏతము, నాగలి స్త్రీపురుషులందరికి నిత్య వ్యాయామములు. నేడు పంపుసెట్టు, బియ్యపుమర, ట్రాక్టరు ఆ శ్రమను తొలగించినవి. ఇది శుభమే, ఆ శ్రమను తిరిగి కోరువా రుండరు. కాని శ్రమతోపాటు వ్యాయామమును పోయినది. ఒకప్పుడు పట్టణపు జబ్బులనిపించుకొన్న మధుమేహము, రక్తపోటు నేడు పల్లె గడపలు తొక్కినవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు నడక వంటి మితశ్రమను, కనీసము రెండు దినములు కండరములకు బలము నిచ్చు వ్యాయామమును చేయవలెనని సూచించినది. మానసోల్లాసపు మల్లుల శిక్షణలోని సమ్మేళనమే ఇచ్చట సామాన్యునికి తగిన మాత్రలో కనబడుచున్నది. నడకకు పొలముగట్టు కలదు. లాగుటకు గట్టి వేపకొమ్మ కలదు. దండీలకు, బస్కీలకు చాపెడు నేల చాలును. ఆడపిల్లలకు గూడ ఆ చోటును, ఆ సమయమును కల్పించుట పెద్దల ధర్మము.

గ్రంథాలయము తలుపు కలవానికి, లేనివానికి సమముగా తెరచియుండును. దేహభార వ్యాయామమును అట్టిదే. అది సాధన యంతయు కాకపోవచ్చును; కాని సాధనకు మొదటి మెట్టు అదియే. ఆ మెట్టుపై నడుగిడుటకు ఎవ్వరి యనుమతియు, ఏ రుసుమును అక్కరలేదు. తన బలములో సగముతో నేడారంభించినవాడు, ఆ సగమే నానాటికి పెరుగుచుండుటను తానే కనుగొనగలడు.