కొవ్వొత్తి చుట్టూ ఆరు పాఠాలు

పిల్లల ముందు ప్రయోగాలు చేసి చూపించిన తొలితరం వారెవరని అడిగితే చాలామంది మైఖేల్ ఫారడే పేరు చెబుతారు. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన నేను మాత్రం ముందు జేన్ మార్సెట్‌ను తలుచుకుంటాను. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్న ఆవిడకు ఒక సంగతి అర్థమైంది: పక్కవారితో మాట్లాడుకుని, ప్రయోగం మళ్లీ చేసి చూస్తేగానీ కెమిస్ట్రీ బుర్రకెక్కదు. అందుకే ఒక టీచరమ్మా, ఎమిలీ, కరొలైన్ అనే ఇద్దరమ్మాయిలూ ముచ్చటించుకుంటున్నట్టుగా 1806లో పుస్తకం రాసింది. చాలా ఏళ్లు దాని మీద ఆవిడ పేరే లేదు.

ఆ పుస్తకం బైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్న ఒక కమ్మరి కొడుకు చేతిలో పడింది. అతనే ఫారడే. తన దగ్గరున్న చిల్లరతో ఏ సరుకులు దొరికితే వాటితో అందులోని ప్రయోగాలు చేసి చూసుకున్నాడు. రాసింది నిజమని తేలాకే నమ్మాడు. పెద్ద శాస్త్రవేత్త అయ్యాక కూడా తన పరిశోధన పత్రాలు ఆవిడకు పంపేవాడు.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు 1825లో మొదలయ్యాయి. వాటిలో 19 ఏళ్లవి ఫారడే చెప్పినవే. కొవ్వొత్తి కథను 1848లో ఒకసారి, 1860 డిసెంబరులో మొదలుపెట్టి మరోసారి చెప్పాడు. రెండోసారి చెప్పిన ఆరు పాఠాలే విలియం క్రూక్స్ సంపాదకత్వంలో 1861లో పుస్తకంగా వచ్చాయి.

అందులో నాకు ప్రాణమైన ప్రయోగం ఒకటుంది. కొవ్వొత్తిని మెల్లగా ఆర్పగానే వత్తి నుంచి తెల్లటి పొగ లేస్తుంది. వత్తికి రెండు మూడంగుళాల ఎత్తున ఆ పొగకు మండే పుల్ల చూపిస్తే మంట గబుక్కున కిందికి పాకి వత్తిని అంటుకుంటుంది. గాలి కదలకూడదు, ఫ్యాన్ కట్టేయాలి. అయితే మండుతున్నది మైనపు ముద్ద కాదు, దాని ఆవిరి అన్నమాట! మరి ఆ ఆవిరి మండాక ఏమవుతుంది? చల్లటి పాత్ర పట్టి నీటి చుక్కలు చూపించాడు ఫారడే. ఆ నీళ్లు ఎక్కడివి? అక్కణ్ణుంచి హైడ్రోజన్, గాలి, చివరికి మన ఊపిరి. అన్నీ ఇంట్లో చేసేవి కావు, పొటాషియాన్ని నీళ్లలో వేసి మండించడం కూడా ఉంది. కానీ ఒక ప్రయోగం లేపిన ప్రశ్నకు తర్వాతి ప్రయోగం జవాబిస్తుంది. ఇప్పటి సైన్స్ ఫెయిర్లలో వంటసోడా అగ్నిపర్వతం పొంగగానే చప్పట్లు కొట్టి పక్క బల్లకు వెళ్లిపోతారు. ఆ నురగలో ఉన్న వాయువేమిటని ఎవరూ అడగరు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఆ వాయువును పట్టిచ్చేది సున్నపు తేట. ఫారడే కొవ్వొత్తి గాలినీ, తన ఊపిరినీ దాంతోనే పరీక్షించాడు. మనకది కిళ్లీకొట్టు సున్నంతోనే తయారవుతుంది. నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట వంచుకోవాలి. అందులోకి స్ట్రాతో ఊదాలి, పొరపాటున కూడా పీల్చకూడదు. తేట పాలలా తెల్లబడుతుంది. చాలా పుస్తకాలు అక్కడితో ఆపేస్తాయి. మా తరగతిలో ఆపనిచ్చేవాణ్ణి కాదు. ఊదుతూనే ఉంటే ఆ తెలుపు పోయి మళ్లీ తేట అవుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై, కరగని కాల్షియం కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది. దాన్ని మరిగిస్తే ఆ వాయువు బయటికి పోయి, మళ్లీ తెల్లబడుతుంది.